తెరమీద మామిడిచెట్టు: ఒక డిజిటల్ చిత్రము పుట్టి పూర్తియగు క్రమము

చిత్రలేఖనము అనగానే మన కన్నుల యెదుట నిలుచునవి కాగితము, కుంచె, రంగులగిన్నె. ఈ మూడింటిలో ఒక్కటియు లేకుండ, గాజుపలక వంటి తెరమీద ఎలక్ట్రానిక్ కలముతో గీసెడి చిత్రములు నేడు పుస్తకముల అట్టలమీదను, సినిమా ప్రకటనలలోను, పెండ్లి శుభలేఖలమీదను కానవచ్చుచున్నవి. వీనిని డిజిటల్ చిత్రములు అందురు. వీనిని గూర్చి జనసామాన్యములో రెండు అభిప్రాయములు కలవు. బొమ్మ గీయునది యంత్రమే గాని మనిషి కాడనునది మొదటిది. ఇది వృత్తిచిత్రకారుల పని గాని ఇంటిలో కూర్చుండి మనబోటివారు చేయదగినది కాదనునది రెండవది. ఈ రెండును సరియైనవి కావు. ఒక డిజిటల్ చిత్రము మనస్సులో పుట్టినది మొదలు గోడకు వ్రేలాడు వరకు ఏయే మెట్లు ఎక్కునో క్రమముగా చూచినచో ఈ సంగతి బోధపడును. ఉదాహరణకు నేను తీరికవేళల సంకల్పించి పూర్తిచేసిన ఒక చిత్రమునే తీసికొందును. అది కృష్ణా జిల్లా బాపులపాడు చెంత మా మేనమామగారి తోటలోని ఒక చిన్నరసపు మామిడిచెట్టు చిత్రము.

ముందుగా "డిజిటల్" అను మాటను విప్పి చెప్పవలెను. రేడియో వినువారికి ఇది కష్టమైన విషయము కాదు. ధ్వని ఒక అల. ఆ అలను క్షణమాత్రములో వేలమార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా వ్రాసి దాచినచో అది డిజిటల్ ధ్వని. సంగీతపు కాంపాక్ట్ డిస్కులో సెకనుకు 44,100 మార్లు ఇట్టి కొలత జరుగును. చిత్రము విషయములోను ఇంతే. చిత్రమును సన్నని గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలో ఎంత వెలుగు, ఏ రంగు ఉన్నదో అంకెలలో వ్రాసికొందురు. ఆ గడికి పిక్సెల్ అని పేరు. మనము బిందువు అనుకొందము. 1957లో అమెరికాలోని జాతీయ ప్రమాణముల సంస్థలో పనిచేయు రస్సెల్ కిర్ష్ అను శాస్త్రజ్ఞుడు మూడునెలల తన కుమారుని ఛాయాచిత్రమును ఈ విధముగా కంప్యూటరులోనికి ఎక్కించెను. ఆ చిత్రములో అడ్డముగా 176, నిలువుగా 176 బిందువులు మాత్రమే ఉండెను. అనగా మొత్తము 30,976. ఈనాడు మన చేతిలోని సామాన్యమైన ఫోను తీయు ఛాయాచిత్రములో కోటికి మించి బిందువులు ఉండును. పెరిగినది సంఖ్యయే, మూలసూత్రము అదియే.

బిందువులను లోనికి ఎక్కించుట ఒక ఎత్తు, వానిని చేతితో గీయుట మరియొక ఎత్తు. 1963లో ఇవాన్ సదర్లాండ్ అను యువకుడు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయములో "స్కెచ్‌పాడ్" అను ఏర్పాటును సిద్ధపరచెను. వెలుగును గ్రహించు కలముతో తెరను తాకి గీతలు గీయుట దానివలన సాధ్యమైనది. 1973లో రిచర్డ్ షౌప్ "సూపర్‌పెయింట్" అనుదానిని నడిపి, తెరమీద రంగులు పూయవచ్చునని చూపెను. 1990లో నోల్ సోదరులు రూపొందించిన "ఫోటోషాప్" బజారులోనికి వచ్చినది. 1994లో దానికి "పొరలు" అను సదుపాయము చేరినది. ఈ పొరలను గూర్చి ముందు వివరింతును. ఈ కళకు ఆయువుపట్టు అదియే. ఇక పెద్ద చిత్రకారులు దీనిని చేపట్టరని అనుకొనవలదు. బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 2011 వసంతకాలమున తన ప్రాంతములోని వోల్డ్‌గేట్ అను బాటవెంబడి చెట్లు చిగిర్చిన క్రమమును ఐప్యాడ్‌మీద వరుసగా చిత్రించెను. ఆ బొమ్మలను నిలువెత్తున అచ్చువేసి 1912లో కాదు, వంద సంవత్సరముల తరువాత 2012లో లండన్‌లోని రాయల్ అకాడమీలో ప్రదర్శించిరి. సంప్రదాయమునకు పుట్టినిల్లయిన ఆ భవనమున గాజుపలకమీది గీతకు చోటు దొరకినదని భావము.

ఇక మన చెట్టు దగ్గరకు వత్తము. బాపులపాడు చెన్నపట్టణము నుండి కలకత్తాకు పోవు పెద్దరోడ్డుమీద హనుమాన్ జంక్షన్‌ను ఆనుకొని ఉన్నది. ఉత్తరమున నూజివీడు వైపు మెట్టనేలలు, మామిడితోటలు; దక్షిణమున గుడివాడ వైపు మాగాణి. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలో చేరగా బాపులపాడు కృష్ణా జిల్లాలోనే నిలిచినది. జిల్లాలు వేరైనను పండు ఒక్కటే. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, కలెక్టరు అను పేర్లు ఆ ప్రాంతమున పిల్లవానికైనను తెలియును. మా మాతామహులు నాటిన చిన్నరసపు చెట్టు డెబ్బది యేండ్లు దాటినది; కాపు తగ్గినది. మామయ్యలు తోటను పంచుకొనిన పిమ్మట ఆ చెట్టున్న భాగమును చదును చేయవలెనని నిశ్చయించిరి. అందులో తప్పు పట్టవలసినది ఏమియు లేదు. సేద్యముచేయువారికి లెక్కలు ఉండును. కాని మా తల్లిగారు ఆ మాట విని ఏమియు అనక, రెండుదినముల తరువాత నాతో "దాని బొమ్మ ఒకటి వేసి పెట్టరా" అనిరి. చిత్రమునకు బీజము అది.

ఇచ్చట మొదటి మెట్టు ఉన్నది. విషయము వేరు, భావము వేరు. "మామిడిచెట్టు" అనునది విషయము. అది చాలదు. ఏ చెట్టు, ఏ ఋతువున, ఏ వేళ, ఎవరి కంటికి కనబడినట్లు అను ప్రశ్నలకు జవాబు దొరకినప్పుడే అది భావమగును. ఆ జవాబును ఒక్క వాక్యములో కాగితముమీద వ్రాసికొనుట మంచిది. నేను వ్రాసికొనిన వాక్యము ఇది: "మాఘమాసపు ఉదయమున పూతతో నిండిన చెట్టు, ఉయ్యాల కట్టిన కొమ్మ క్రింద నిలిచి పైకి చూచు పిల్ల కంటికి." తరువాత మూడునెలలపాటు ఏ సందేహము వచ్చినను ఈ వాక్యమే తీర్పు చెప్పినది. బావి గీయవలెనా? వాక్యములో లేదు, అక్కరలేదు. పండ్లు గీయవలెనా? పూతకాలమున పండ్లుండవు, అక్కరలేదు. మొదలుపెట్టిన చిత్రములు పెక్కు సగములో ఆగిపోవుటకు చేయి చాలకపోవుట కారణము కాదు. ఏమి గీయవలెనో తేలకపోవుట కారణము.

రెండవ మెట్టు సామగ్రి సేకరణము. ఛాయాచిత్రము ఉండగా చేతిచిత్రము ఏల అని అడుగవచ్చును. ఛాయాచిత్రము కటకము ఎదుట ఉన్న దానిని ఒక్క క్షణమున పట్టును. మన కన్ను అట్లు చూడదు. కొమ్మమీదనుండి ఆకుమీదికి, ఆకుమీదనుండి నేలమీది నీడకు తిరుగుచు చూచును. ఎండలోనికి చూచునప్పుడు ఒక విధముగను, నీడలోనికి చూచునప్పుడు మరియొక విధముగను సర్దుకొనును. అందుచేత ఛాయాచిత్రములో నీడ తరచుగా నల్లని ముద్దవలె పడును. చెట్టు క్రింద నిలిచినవానికి ఆ నీడలో నీలము, ఊదా, నేలనుండి ఎగసిన ఎరుపు కనబడును. కావున నేను రెండును చేసితిని. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము అన్ని వైపులనుండి ఛాయాచిత్రములు తీసితిని. వానితోపాటు ఒక చిన్న పుస్తకములో చూచిన రంగులను మాటలతో వ్రాసికొంటిని: లేతచిగురు రాగిరంగు, ముదురాకు నల్లపచ్చ, దానిమీద ఆకాశము మెరసినచోట వెండి, పూత పసుపుకు ఆకుపచ్చకు నడుమ, ఎండ తగిలినచోట వెన్నరంగు, బెరడు బూడిదవన్నె, చీలికలలో చింతపండు రంగు. ఈ మాటల పట్టిక ఎంత విలువైనదో తరువాత తెలియును.

మూడవ మెట్టు చిన్నగీతలు. అగ్గిపెట్టె పరిమాణములో, వివరములు ఏమియు లేకుండ, చెట్టు ఎచ్చట, నేల ఎచ్చట, వెలుగు ఎటునుండి అను మూడు సంగతులే చూపు నమూనాలు పది పన్నెండు గీయవలెను. వీనికి కంప్యూటరు అక్కరలేదు, పెన్సిలు చాలును. సినిమా కళలోను ఈ పని మొదట జరుగును. 2015లో విడుదలైన "బాహుబలి"కి ముందుగా విశ్వనాథ్ సుందరం ఊహాచిత్రములు గీసెనని, వానిని అనుసరించియే రంగములు నిర్మింపబడినవని సినిమాలు చూచువారు ఎరుగుదురు. నేను గీసిన నమూనాలలో ఐదింటిని ఏరి మా తల్లిగారి ముందు పరచితిని. చెట్టు నిండుగా, సొగసుగా ఉన్నదానిని ఆమె ప్రక్కకు నెట్టిరి. "ఉయ్యాల కొమ్మ దీన్లో ఉంది" అని మరియొకదానిమీద వ్రేలు పెట్టిరి. అందులో చెట్టు తల చిత్రము అంచుకు తెగిపోయి, ఒక వంకరకొమ్మ మాత్రము ఎదుటికి చొచ్చుకొని వచ్చును. కూర్పు సూత్రములు తెలియని కన్ను అయినను భావము దాచుకొన్న కన్ను అది. ఎవరికొరకు గీయుచున్నామో వారిని ఈ దశలోనే అడుగుట మేలు. రంగులు నిండిన తరువాత అడిగినచో వారు మన శ్రమను చూచి మొగమాటపడుదురు.

ఇక ఫలకము పరిమాణము. కాగితముమీద గీయువానికి ఈ చిక్కు లేదు. కాగితము ఎంతయో చిత్రము అంత. తెరమీద మాత్రము ముందుగా లెక్క కట్టవలెను. అచ్చులో కంటికి నునుపుగా కనబడుటకు అంగుళమునకు 300 బిందువులు కావలెనని వాడుక. గోడకు పెట్టు చిత్రము 12 అంగుళముల వెడల్పు, 16 అంగుళముల ఎత్తు అనుకొందము. వెడల్పున 3,600, ఎత్తున 4,800 బిందువులు, మొత్తము 1,72,80,000. అట్లు కాక 900కు 1,200 బిందువుల ఫలకముమీద గీసినచో తెరమీద ముచ్చటగనే ఉండును గాని అదే నాణ్యముతో అచ్చువేయగలది 3 అంగుళములకు 4 అంగుళములు మాత్రమే. పెద్దదిగా సాగదీసినచో గళ్ళు బయటపడును. మరి ఎల్లప్పుడును మిక్కిలి పెద్ద ఫలకమే తీసికొనరాదా? దానికిని ఒక వెల ఉన్నది. ఒక్కొక్క బిందువునకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు విలువలు, ఎంత పారదర్శకమో తెలుపు నాలుగవ విలువ, వెరసి నాలుగు బైట్లు కావలెను. అనగా పై ఫలకమునకు ఒక్క పొరకే సుమారు 69 మెగాబైట్లు. పది పొరలకు 690. యంత్రపు శక్తిని మించి ఫలకము తీసికొనినచో కలము కదిపిన కొంతసేపటికి గాని గీత కనబడదు. చేతికి కంటికి పొత్తు చెడును.

ఆ మూడు విలువలు ఒక్కొక్కటి 0 మొదలు 255 వరకు ఉండవచ్చును. 256ను మూడుమార్లు గుణించినచో 1,67,77,216 రంగులు లభించును. ఇన్ని రంగులున్నవని సంతోషించుటకంటె భయపడుట ఉచితము. మన పెద్ద చిత్రకారులు కొద్ది రంగులతో ఎంత సాధించిరో తలంపవలెను. "వపా" అను రెండక్షరములతో సంతకము చేసిన వడ్డాది పాపయ్యగారి నీటిరంగుల చిత్రములను, నరసాపురమున 1933లో జన్మించిన బాపుగారి గీతను ఒక్కమారు ముందు పెట్టుకొని చూచినచో, ఏమి విడిచిపెట్టవలెనో తెలియుటయే విద్యయని అర్థమగును. నేను పుస్తకములో వ్రాసికొనిన మాటలనుబట్టి పదునాలుగు రంగులు ముందుగా కలిపి, ఫలకము అంచున చిన్న చదరములుగా పెట్టుకొంటిని. చిత్రమంతయు వానితోనే నడిచినది.

పనిముట్ల సంగతి రెండు మాటలు. తెరమీద గీయు కలము సామాన్యమైనది కాదు. అది ఎచ్చట తాకినదో మాత్రమే గాక ఎంత గట్టిగా ఒత్తితిమో కూడ యంత్రమునకు తెలుపును. ఒత్తినకొలది గీత లావగును. జపానులో 1983లో స్థాపింపబడిన వాకమ్ సంస్థవారి కలములకు బ్యాటరీ కూడ అక్కరలేదు. పలకలోని తీగచుట్టలు పుట్టించు విద్యుదయస్కాంత క్షేత్రమునుండియే కలము తనకు కావలసిన శక్తిని గ్రహించును. సూత్రములో ఇది మన రేడియో ఏరియలు గాలిలోని తరంగములనుండి శక్తిని గ్రహించు పనికి చుట్టమే. ఇక చిత్రము గీయు ప్రోగ్రాములలో కొన్ని వెలకు దొరకును, కొన్ని ఉచితము. "క్రీటా", "గింప్" అనునవి ఉచితముగా లభించునవి. స్వచ్ఛందముగా పనిచేయు అనేక దేశములవారు కలిసి తీర్చుచున్నవి. నేను క్రీటాలో గీసితిని. స్వీడిష్ భాషలో ఆ మాటకు సుద్దముక్క అని అర్థము. కొనుట కష్టమైనవారికి ఫోనుమీద వ్రేలితో గీయుటయు ఆరంభమునకు చాలును.

ఇప్పుడు పొరల సంగతి. మన కృష్ణా జిల్లావారికి దీనిని వివరించుట సులువు. పెడనలో కలంకారీ అద్దకము చూచినవారు ఎరుగుదురు: ఒకే పువ్వునకు ఒకే అచ్చు ఉండదు. రేఖకు ఒక చెక్క అచ్చు, లోపలి ఎరుపునకు ఒకటి, ఆకునకు ఒకటి. ఒకదానిమీద ఒకటి తప్పక సరిపడునట్లు అద్దినప్పుడే పువ్వు నిండును. డిజిటల్ చిత్రములో పొర అనగా ఇట్టిదే. పారదర్శకమైన అద్దపు రేకులు ఒకదానిమీద ఒకటి పేర్చి, ఒక రేకుమీద ఆకాశము, ఒకదానిమీద దూరపు చెట్లు, ఒకదానిమీద మాను, ఒకదానిమీద ఆకులు గీసినట్లు భావింపుడు. పైనుండి చూచినవానికి అంతయు ఒక్క చిత్రమే. కాని మాను రంగు మార్చవలెనన్నచో ఆకును తాకనక్కరలేదు. అద్దకమునకు దీనికి ఒక భేదము మాత్రము ఉన్నది. బట్టమీద పడిన రంగు పడినదే. ఇచ్చట ఏ రేకునైనను తీసివేయవచ్చును, క్రిందుమీదుగా మార్చవచ్చును. ఈ స్వేచ్ఛకు హద్దు ఉండవలెను. పొరలు నలుబది యేబది అయినచో ఏది ఎచ్చటనున్నదో గీసినవానికే తెలియదు. నా చిత్రమున తొమ్మిది పొరలు; ప్రతిదానికి పేరు పెట్టితిని.

గీయు క్రమము ఇది. మొదట చిన్ననమూనాను ఫలకమంత పెద్దదిచేసి అడుగుపొరగా ఉంచితిని. దానిమీద మాను, కొమ్మలు రేఖలతో గీసితిని. మామిడికొమ్మ వేపకొమ్మవలె సన్నగా విడిపోదు. బరువుగా వంగి, మరల పైకి లేచును. ఆ వంపు పట్టినగాని అది మామిడి కాదు. తరువాత రంగుజోలికి పోక, నలుపు తెలుపుల నడుమ ఐదారు ఛాయలతో మాత్రమే వెలుగునీడలు దిద్దితిని. బూడిదరంగు చిత్రము నిలిచినచో రంగుచిత్రము నిలుచును. వెలుగునీడలు పొసగనిచో ఎన్ని రంగులు పూసినను చెట్టు పలుచని అట్టముక్కవలె ఉండును. ఆ మీదట రంగులు. ఆకులను ఒక్కొక్కటిగా గీయవలెనను ఆశ అందరికి కలుగును. దానికి లోబడరాదు. దూరమునుండి చూచునప్పుడు మనకు కనబడునది ఆకుల గుంపు. గుంపులను పెద్దకుంచెతో వేసి, ఎండ తగిలిన అంచులలో మాత్రమే నలుబదో యేబదో ఆకులను విడిగా గీసినచో మిగిలినవానిని చూపరి కన్నే గీసికొనును.

నీడకు ఒక చిన్న గణితము కలదు. నీడను నల్లరంగుతో పూసినచో క్రిందిరంగు చచ్చిపోవును. ప్రోగ్రాములో "గుణించు" అను పద్ధతి ఉండును. నీడపొరను ఆ పద్ధతిలో పెట్టినచో పైవిలువను క్రిందివిలువతో హెచ్చించి చూపును. ఆకుపచ్చ విలువ 200 అనుకొందము. నీడ సగము వెలుగును ఆపునదైనచో ఫలితము 100. ఎరుపు విలువ 80 అయినచో 40. వెలుగు తగ్గినను రంగుల నడుమ నిష్పత్తి చెడలేదు. ఆకు ఆకుగానే ఉన్నది. ఆ నీడపొరకు రవంత నీలము కలిపినచో ఎరుపు ఇంకను తగ్గి, నీలము నిలుచును; చెట్టు నీడలో ఆకాశము ప్రతిఫలించిన భావము కలుగును. ఇది యంత్రపు మాయ కాదు. రంగుటద్దముగుండా చూచినప్పుడు జరుగునదియే ఇచ్చట లెక్కగా జరుగుచున్నది.

ఇట్లు రెండునెలలు గడచినవి. ఉద్యోగము చేసికొనుచు రాత్రి భోజనము తరువాత అరగంట, ఎక్కువైనచో ముప్పావుగంట. ప్రతిరాత్రి ఆపునప్పుడు "రేపు చేయవలసినది" అని ఒక్క పంక్తి వ్రాసి ముగించుట అలవాటు చేసికొంటిని. మరునాడు తెర తెరువగానే చేయి కదలుటకు అది తోడ్పడును. మానుమీది రంగులు సగము పూర్తియైన వారములో మామయ్య ఫోను చేసి "కొట్టేశారురా" అని ఒక్కమాట చెప్పిరి. అప్పటినుండి చూచివచ్చుటకు చెట్టు లేదు. ఛాయాచిత్రములలో బెరడు చీలికలు నల్లగా మాత్రమే ఉన్నవి. పుస్తకములోని "చింతపండు రంగు" అను రెండు మాటలు లేనిచో ఆ మాను ఊహకు వదలివేయవలసి యుండెడిది. వస్తువు ఉన్నంతలో చూడవలెను, చూచినదానిని మాటలలో వ్రాయవలెను అని నేను నొక్కిచెప్పుటకు ఇదే కారణము. యంత్రము రంగును గుర్తుంచుకొనును. ఆ రంగు ఎక్కడిదో, ఎందుకు అట్లున్నదో గుర్తుంచుకొనదు.

చిత్రము ఎప్పుడు పూర్తియైనట్లు? కాగితముమీద రంగు ఎండును, కాగితము అరుగును. కొంతసేపటికి వస్తువే చాలునని చెప్పును. తెరమీద అట్టి హెచ్చరిక లేదు. వేసినగీతను వెనుకకు తీసికొనవచ్చును, వందమార్లు మార్చవచ్చును. కావున ముగింపును మనమే నిర్ణయింపవలెను. నేను మూడు పరీక్షలు పెట్టుకొంటిని. చిత్రమును తపాలాబిళ్ళంత చిన్నదిచేసి చూచుట. అప్పుడును కొమ్మ కొమ్మగా తెలియవలెను. కుడియెడమలు తారుమారు చేసి అద్దములోవలె చూచుట. అలవాటుపడిన కన్నునకు దాగిన ఒరగుబాటు అప్పుడు బయటపడును. రంగులు తీసివేసి బూడిదరంగులో చూచుట. వెలుగునీడలు మొదట అనుకొన్నట్లు నిలిచియుండవలెను. ఈ మూడును గడచిన పిమ్మట మొదట వ్రాసికొనిన వాక్యమును మరల చదివి, అందులో చెప్పిన ప్రతిది చిత్రమున ఉన్నచో అంతటితో కలము దించవలెను. ఇంకను బాగుచేయవచ్చునని తోచినచో, ఆ బాగును తరువాతి చిత్రమునకు దాచవలెను.

తెరమీది చిత్రము కాగితముమీదికి దిగునప్పుడు ఒక మార్పు తప్పదు. తెర వెలుగును వెదజల్లును. ఎరుపు, ఆకుపచ్చ, నీలపు వెలుగులు మూడును కలిసినచో తెలుపు వచ్చును. అచ్చుయంత్రపు సిరాలు వెలుగును మ్రింగును. లేతనీలము, గులాబి, పసుపు సిరాలు కలిసినకొలది ముదురగును. నాలుగవదిగా నలుపు చేరును. అందుచేత తెరమీద మిలమిలలాడు లేతపచ్చ కాగితముమీద కొంత వడలినట్లు పడును. దీనికి విరుగుడు, ముందుగా అరచేయంత ముక్కను అచ్చువేయించి పగటివెలుగులో చూచి, అవసరమైనచో రంగులను కొంచెము హెచ్చించుట. ఆమ్లములేని మందపు కాగితముమీద పిగ్మెంటు సిరాతో వేయించినచో చాలకాలము నిలుచును. నేరుగా ఎండతగులు గోడకు మాత్రము పెట్టరాదు.

దాచుట చివరి మెట్టు, పెక్కుమంది మరచునది. పొరలతో కూడిన మూలపు ఫైలును ఎన్నడును పారవేయరాదు. అది అద్దకమువాని చెక్క అచ్చుల వంటిది. బంధువులకు పంపుటకు జేపెగ్ రూపము తేలిక. కాని అది పరిమాణము తగ్గించుటకు కంటికి అంతగా తెలియని వివరములను వదలివేయును. మార్చి మార్చి భద్రపరచినకొలది నాణ్యము తరుగును. పీఎన్‌జీ రూపములో ఆ తరుగుదల లేదు. ఇక మూడు ప్రతులు, రెండు వేరువేరు సాధనములమీద, అందులో ఒకటి వేరొక ఊరిలో అను సూత్రము గుర్తుంచుకొనదగినది. ఫోను నీటిలో పడవచ్చును, కంప్యూటరు చెడవచ్చును. చెట్టును ఒకమారు పోగొట్టుకొన్న ఇల్లు దాని బొమ్మను కూడ పోగొట్టుకొనరాదు.

ఒక ప్రశ్న మిగిలినది. 2022 నుండి మాట చెప్పినంతనే బొమ్మ తయారుచేయు ప్రోగ్రాములు జనములోనికి వచ్చినవి. "పూసిన మామిడిచెట్టు" అని వ్రాసినచో క్షణములలో ముచ్చటైన చెట్టును చూపును. మరి ఈ శ్రమ ఏల? ఆ ప్రోగ్రాములు అసంఖ్యాకములైన చిత్రములను చదివి, వానిలో సామాన్యముగా కానవచ్చు లక్షణములను కూర్చి క్రొత్తబొమ్మను అల్లును. కావున అవి ఇచ్చునది ఒక మామిడిచెట్టు. మాకు కావలసినది ఆ మామిడిచెట్టు. ఏ కొమ్మకు త్రాడు రాచుకొని బెరడు నునుపెక్కినదో అది ఏ గ్రంథములోను, ఏ గణనలోను లేదు. మా తల్లిగారి జ్ఞాపకములో మాత్రమే ఉన్నది. అడిగి తెలిసికొని గీసినగాని అది వెలికి రాదు.

చిత్రము పటముకట్టించి ఇచ్చిననాడు ఆమె చాలసేపు చూచిరి. బాగున్నదని అనలేదు. ఆ కొమ్మను చూపి మా అమ్మాయికి, తాను ఎవరెవరితో పోటీపడి ఊగెడివారో, రసము పిండుకొని తినునప్పుడు గౌను మరకలైనందుకు ఎవరు కోపగించిరో, నేను ఎన్నడును వినని సంగతులు గంటసేపు చెప్పిరి. మీ ఇండ్లలోను ఇట్టి చెట్టో, బావియో, వసారాయో ఉండవచ్చును. అది ఉండగనే దానిని ఎరిగిన పెద్దలును ఉండవచ్చును. ఈ సెలవులలో పిల్లలచేత ముందుగా ఆ పెద్దలను అడిగించి, ఒక వాక్యము వ్రాయించి, పది చిన్నగీతలు గీయింపుడు. కలము, తెర, పొరలు ఆ తరువాత రావచ్చును.